పగిలిన డ్రమ్ సింబల్‌ను వారంటీ కింద మార్పించుకోవడం ఎలా?

క్రిస్మస్ ఆరాధనలకు ఇంకా పది రోజులుందనగా, సాధన మధ్యలో డ్రమ్ సెట్టులోని క్రాష్ సింబల్ (గట్టి దెబ్బకు ఒక్కసారిగా మోగే పళ్ళెంలాంటి లోహపు తాళం) ఉన్నట్టుండి గొంతు మార్చుకుంటుంది. నిన్నటిదాకా ఖంగున మోగి నెమ్మదిగా అణగిన నాదం ఇవాళ రేకు డబ్బాలా గరగరలాడి చప్పున ఆగిపోతుంది. కొని ఏడాది కూడా కాలేదు, బిల్లు బీరువాలో ఎక్కడో ఉంది, దుకాణంవారు వారంటీ ఉందని చెప్పినట్టూ గుర్తుంది. ఇలాంటి స్థితిలో ఉన్నవారి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. సింబల్ వారంటీ మిక్సీ వారంటీ లాంటిది కాదు. మిక్సీ మోటారు కాలిపోతే తప్పు ఎవరిదని ఎవరూ పెద్దగా అడగరు కానీ, సింబల్ అనేది కర్రతో కొట్టడానికే తయారైన వస్తువు కాబట్టి, పగులు లోహంలో పుట్టిందా లేక మన చేతి దెబ్బతో పుట్టిందా అన్న ఒక్క ప్రశ్న మీదనే వ్యవహారమంతా నడుస్తుంది. ఆ ప్రశ్నకు కంపెనీ తనకు తోచిన జవాబు ఇచ్చేలోగా మన జవాబును ఆధారాలతో సిద్ధం చేసుకోవాలి.

పగులు కనబడగానే చేయవలసింది, చేయకూడనిది

ఆ సింబల్‌ను వెంటనే స్టాండు మీద నుంచి దించి పక్కన పెట్టండి. ఈ ఒక్క ఆదివారం వాయించి ఆపేద్దామనుకుంటే అర అంగుళం పగులు రెండు అంగుళాలవుతుంది, మొదట అది ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తులు కూడా చెరిగిపోతాయి. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. పగులు ముందుకు పాకకుండా దాని కొన దగ్గర చిన్న రంధ్రం వేయమని తోటి డ్రమ్మర్లు సలహా ఇస్తారు. వారంటీ లేని సింబల్‌కు అది పనికొచ్చే ఉపాయమే, కానీ వారంటీ ఉన్నదానికి చేస్తే మీ అర్జీని మీరే కొట్టివేసుకున్నట్టు. నా మొదటి పదహారు అంగుళాల క్రాష్ విషయంలో నేను చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. స్నేహితుడి మాట విని డ్రిల్లు పెట్టాను, వారం తరువాత దుకాణానికి తీసుకెళ్తే యజమాని ఆ రంధ్రాన్ని చూసి, మార్పులు చేసిన సరుకును కంపెనీ ముట్టుకోదని రెండు మాటల్లో తేల్చేశారు. కోపం వచ్చిన మాట నిజమే కానీ, తప్పు నాదే. అంచును ఆకురాయితో అరగదీయడం, పాలిష్ పెట్టడం, లోగో చెరిగేలా తోమడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

అది నిజంగా పగులేనా?

గరగర శబ్దం వచ్చినంత మాత్రాన సింబల్ పగిలిందని అనుకోకండి. స్లీవ్ (స్టాండు కడ్డీకి తొడిగే ప్లాస్టిక్ గొట్టం) అరిగిపోయి సింబల్ ఇనుప కడ్డీకి తగులుతున్నా, వింగ్ నట్ (సింబల్ పైన చేత్తో బిగించే రెక్కల నట్) వదులైనా, హైహ్యాట్ క్లచ్ (జంట సింబళ్ళలో పైదాన్ని పట్టి ఉంచే బిగింపు) సడలినా దాదాపు అలాంటి శబ్దమే వస్తుంది. అందుకే సింబల్‌ను స్టాండు నుంచి తీసి, మధ్య రంధ్రంలో గట్టి దారం దూర్చి వేలాడదీసి, అంచు చుట్టూ రెండేసి అంగుళాలకు ఒకసారి కర్ర కొనతో మెల్లగా తట్టండి. బాగున్న చోట నాదం సాగుతుంది, బీటవారిన చోట చిటపటలాడి తెగిపోతుంది. గుడి గంటలో వాడేది కూడా ఇంచుమించు ఇదే కంచు కాబట్టి, బీటవారిన గంట మోత విన్నవారికి ఈ తేడాను వేరుగా వివరించనక్కరలేదు.

తరువాత చిన్న దూది పింజను అనుమానం ఉన్న చోట అడ్డంగా లాగండి. కంటికి కనబడని పగులు కూడా దూది పోగును పట్టుకుంటుంది. సింబల్ మీద చెక్కిన సన్నని గీతల మీద ఎక్కడైనా దూది తగులుకునే అవకాశం ఉంది కనుక, ఒకే చోట మళ్ళీ మళ్ళీ తగులుకుంటోందా అన్నది చూడాలి. చీకటి గదిలో వెనుక నుంచి టార్చి వేస్తే ఇటు నుంచి అటు దాకా చీలిన పగులు సన్నని వెలుగు గీతగా కనబడుతుంది. పగులు తెరుచుకుంటుందేమో చూద్దామని మాత్రం వంచకండి.

పగులును చదవడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అర్జీ నెగ్గుతుందా లేదా అన్నది సగానికి పైగా పగులు ఉన్న చోటును బట్టే తేలుతుంది. ఖరీదైన సింబళ్ళలో ఎక్కువ భాగం నూటికి ఎనభై పాళ్ళు రాగి, ఇరవై పాళ్ళు తగరం కలిసిన కంచుతో తయారవుతాయి, డ్రమ్మర్లు దీనిని బీ20 అంటారు. తొంభైరెండు పాళ్ళు రాగికి ఎనిమిది పాళ్ళు తగరం కలిపితే బీ8 అవుతుంది, ఇది తక్కువ ధర శ్రేణుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అంతకన్నా చవక రకాలు ఇత్తడివి. తగరం పాలు ఎక్కువైన కంచుకు నాదం ఎక్కువ, పెళుసుదనమూ ఎక్కువే. అందుకే దానిని ఎర్రగా కాల్చి నీటిలో ముంచి, ఆ తరువాత సుత్తి దెబ్బలతో తీర్చిదిద్ది, లేతు (వస్తువును తిప్పుతూ చెక్కే యంత్రం) మీద గీతలు చెక్కుతారు. పోతలో చిక్కుకున్న గాలి బుడగ, లోహంలో కలిసిన మలినం, ఒకచోట లేతు గీత మరీ లోతుగా పడడం వంటివి నిజమైన తయారీ లోపాలు. అవి సాధారణంగా వాడకం మొదలైన కొద్ది నెలల్లోనే బయటపడతాయి.

లేతు గీత వెంట చంద్రవంకలా సాగిన పగులుకే అర్జీలో బలం ఎక్కువ. అంచు చెక్కుచెదరకుండా ఉండి, అంచుకు రెండు మూడు అంగుళాల లోపల గీత వెంట మాత్రమే లోహం విడిపోయి ఉంటే, కర్ర నేరుగా తగలని చోట పగులు ఎలా వచ్చిందన్న ప్రశ్నను మీరు అడగవచ్చు. పలుచని సింబల్‌ను అతిగా ఊపితే కూడా ఇలాంటి పగులు వస్తుందని కంపెనీ అనవచ్చు కానీ, ఇది వాదించదగిన కేసు.

అంచు నుంచి మధ్యకు నిలువుగా పాకిన పగులు చాలావరకు దెబ్బ వల్ల వచ్చేదే. కర్ర భుజంతో (కొన కింద సన్నబడే భాగంతో) అంచును లంబంగా నరికినట్టు కొట్టేవారికి, సింబల్‌ను బల్లపరుపుగా బిగించి వాయించేవారికి ఇది తరచుగా ఎదురవుతుంది. పగులు దగ్గర అంచు వంగి, సొట్టలు పడి, కర్ర చెక్క మరకలు దట్టంగా ఉంటే తనిఖీ చేసేవారు మరో మాట వినరు. అంచు నునుపుగా ఉండి, కొన్న రెండు మూడు నెలల్లోనే పగులు వచ్చి ఉంటే ప్రయత్నించడంలో తప్పులేదు.

బెల్ అని పిలిచే మధ్య గుబ్బ మొదట్లో వచ్చే పగులును రెండు విధాలుగానూ చెప్పవచ్చు. గుబ్బను ఒత్తి తీసేటప్పుడు లోహంలో మిగిలిన ఒత్తిడి ఒక కారణం కావచ్చు, వింగ్ నట్‌ను ఊపిరాడకుండా బిగించడం మరో కారణం కావచ్చు. మధ్య రంధ్రం తాళంచెవి రంధ్రంలా సాగి, దాని నుంచి పగులు మొదలైతే మాత్రం ఆశ వదులుకోండి. స్లీవ్ లేకుండా వాయించారనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. అంచు నుంచి గోరంత ముక్కలు ఊడిపోవడం కూడా రవాణాలోనో, కింద పడడం వల్లనో జరిగినదిగానే లెక్కిస్తారు. మీ సింబల్ ఈ చివరి రెండు రకాల్లో ఒకటైతే కొరియర్ డబ్బు మిగుల్చుకోమని నా సలహా.

బిల్లు, వారంటీ నిబంధనలు

వారంటీ పత్రాన్ని ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా చదవండి. పత్రం పోతే కంపెనీ వెబ్‌సైటులో నిబంధనలు ఉంటాయి. సింబల్ తయారీలో పేరున్న కంపెనీలు చేతి వేళ్ళ మీద లెక్కపెట్టదగినవే. 1623లో ఇస్తాంబుల్‌లో మొదలై తరువాత అమెరికాకు తరలిన జిల్జియాన్, ఆ కుటుంబం నుంచే విడిపోయి కెనడాలో వెలసిన సేబియన్, స్విట్జర్లాండుకు చెందిన పైస్టే, జర్మనీకి చెందిన మైనెల్ మన దుకాణాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. గడువు కంపెనీని బట్టి, శ్రేణిని బట్టి, కొన్న దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఎవరో చెప్పిన సంఖ్యను నమ్మకుండా మీ మోడల్‌కు రాసి ఉన్నది చూసుకోండి. గడువు కాక మరో మూడు షరతులు వెతకండి: మొదటి కొనుగోలుదారుకే వర్తిస్తుందా, అధీకృత దుకాణంలో కొన్నదానికే వర్తిస్తుందా, రవాణా ఖర్చు ఎవరిది?

మొదటి రెండు షరతులు మనవారిని తరచుగా ఇబ్బంది పెడతాయి. డాలస్‌లో ఉన్న బావగారు సెలవులకు వస్తూ పెట్టెలో తెచ్చిన సింబల్‌కు బిల్లు ఆయన పేరున, అక్కడి దుకాణానిది ఉంటుంది. దాన్ని హైదరాబాదులోని డీలరు ముందు పెడితే, ఇది మా ద్వారా రాలేదంటారు. అలాంటప్పుడు బావగారి చేతనే అక్కడి దుకాణానికి ఈమెయిల్ రాయించి, ఫొటోలు ఇక్కడి నుంచి పంపడం మేలు. సింబల్‌ను చూడాల్సిందేనని వారు పట్టుబడితే, తిరుగు ప్రయాణంలో ఆయన పెట్టెలోనే పంపాలి. చర్చి డబ్బుతో కొన్నదైతే బిల్లు ఎవరి పేరున ఉందో చూసి, ఆ పేరు మీదనే ఉత్తరం రాయండి. చేతులు మారిన పాత సింబల్‌కు వారంటీ అడగడం వృథా ప్రయాస.

యంత్రం నుంచి వచ్చే పలుచని కాగితపు బిల్లు మీద అక్షరాలు కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి. కాబట్టి దాన్ని ఈరోజే ఫొటో తీసి, జిరాక్స్ కూడా తీయించండి. బిల్లు పోయి ఉంటే ఫోన్‌పే చెల్లింపు వివరం, బ్యాంకు స్టేట్‌మెంటు చూపించి దుకాణంలో నకలు అడగండి. అమ్మినప్పుడు బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఆ మాటను మర్యాదగా గుర్తుచేయవచ్చు.

ఫొటోలు

దూరాన ఉన్న తనిఖీదారు ముందుగా చూసేది ఫొటోలనే, కొన్నిసార్లు వాటితోనే నిర్ణయం జరిగిపోతుంది. కంచు మీద ఫ్లాష్ పడితే తెల్లని మెరుపు తప్ప ఏమీ కనబడదు. ఎండలోనూ అంతే. పగటి పూట వరండా నీడలో, కింద ముదురు రంగు దుప్పటి పరచి తీయండి. పైవైపు మొత్తం, కిందివైపు మొత్తం, లోగో, సీరియల్ నంబరు, రెండు వైపుల నుంచి పగులు దగ్గరి చిత్రం, మధ్య రంధ్రం ఇందులో తప్పక ఉండాలి. చాలా మోడళ్ళ మీద సీరియల్ నంబరు లేజరుతో సన్నగా చెక్కి ఉంటుంది కనుక సింబల్‌ను ఏటవాలుగా పట్టుకుని చూడండి. పగులు పక్కన స్కేలు పెట్టి తీస్తే పొడవు మీద తగాదా ఉండదు. మార్కర్ పెన్నుతో సింబల్ మీద గీయకండి, కాగితంతో చిన్న బాణం కత్తిరించి పక్కన పెడితే చాలు.

రంధ్రం ఫొటో పంపడం చాలామంది మరచిపోతారు. గుండ్రంగా, అరగకుండా ఉన్న రంధ్రం మీరు స్లీవ్, ఫెల్ట్ బిళ్ళలు (సింబల్‌కు పైన, కింద వేసే మెత్తని ఉన్ని బిళ్ళలు) వాడి జాగ్రత్తగా వాయించారని చెప్పే సాక్షి. పగులు ఎంత ముఖ్యమో ఈ రంధ్రమూ అంతే ముఖ్యం. బాగున్న వైపు రెండుసార్లు, పగిలిన వైపు రెండుసార్లు తట్టి తీసిన అర నిమిషం వీడియో కూడా జతచేయండి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

నేరుగా అమెరికాలోని కంపెనీకి ఈమెయిల్ రాయాలన్న ఉబలాటం సహజమే కానీ, అక్కడి నుంచి వచ్చే జవాబు సాధారణంగా మీరు కొన్న దుకాణాన్ని సంప్రదించండన్నదే. మన దేశంలో దారి దుకాణంతో మొదలై, వారికి సరుకు ఇచ్చిన దిగుమతిదారు దాకా వెళ్తుంది. అట్టపెట్టె ఉంటే దాని మీద అంటించిన చీటీ చూడండి. ప్యాకింగు చేసి అమ్మే దిగుమతి సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదు వివరాలు ముద్రించాలన్నది తూనికలు కొలతల నిబంధన. ఆ చీటీని ఫొటో తీసి పెట్టుకుంటే, దుకాణంవారు మేము పైకి పంపాం అని చెప్పి నెలలు గడిపినప్పుడు ఆ పైవారు ఎవరో మీకు తెలిసే ఉంటుంది.

దుకాణానికి సింబల్‌తో స్వయంగా వెళ్ళండి, కానీ మాటలతో సరిపెట్టకండి. విజయవాడ అయినా వరంగల్ అయినా, చూస్తాంలే తమ్ముడూ అన్న భరోసా ఎంత ఆప్యాయంగా ఉన్నా దానికి తేదీ ఉండదు. అదే రోజు ఈమెయిల్‌గానో, వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా అర్జీ పంపండి. సింబల్‌ను అక్కడే వదిలి వస్తే సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి. దిగుమతిదారుకు కూడా పంపాలి కనుక అర్జీ ఇంగ్లీషులో ఉంటే పని త్వరగా జరుగుతుంది, అందులో ఉండవలసిన విషయం మాత్రం ఇంతే:

"మీ దుకాణంలో ఫలానా తేదీన, ఫలానా నంబరు బిల్లుతో నేను కొన్న పద్దెనిమిది అంగుళాల క్రాష్ సింబల్‌కు, అంచుకు రెండున్నర అంగుళాల లోపల లేతు గీత వెంట ఒక అంగుళం పొడవున పగులు ఏర్పడింది. దీనిని ఫలానా తేదీన గమనించి, ఆ వెంటనే వాడకం ఆపాను. సింబల్‌ను స్లీవ్, ఫెల్ట్ బిళ్ళలతో, వదులుగా బిగించి వాడాను. అంచుకు, మధ్య రంధ్రానికి ఎలాంటి దెబ్బా లేదని జతచేసిన ఫొటోలలో చూడవచ్చు. ఎలాంటి మరమ్మతూ చేయలేదు. తయారీ లోపానికి వర్తించే వారంటీ కింద దీనిని మార్చి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. తనిఖీకి ఎక్కడికి పంపాలో, రవాణా ఖర్చు ఎవరు భరిస్తారో పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇందులో ప్రతి వాక్యమూ నిజమై ఉండాలి. సింబల్ ఎలా వాడబడిందో తనిఖీదారుకు లోహమే చెబుతుంది. మీ ఉత్తరం ఒకటి, రంధ్రం ఇంకొకటి చెబితే మిగిలిన మాటలకూ విలువ పోతుంది. తిట్లు, బెదిరింపులు మొదటి ఉత్తరంలో వద్దు.

కట్టి పంపడం

సింబల్ కన్నా నాలుగు అంగుళాలు పెద్దవైన గట్టి అట్టలు రెండు చతురస్రాలుగా కోసి, పై అట్టలో గుబ్బ పట్టేంత రంధ్రం చేసి, రెంటి మధ్య సింబల్‌ను ఇరికించి నాలుగు వైపులా టేపు చుట్టండి. సింబల్ లోపల కదిలితే అంచు అట్టను కోసేస్తుంది, దారిలో కొత్త దెబ్బ తగిలితే పాత పగులు కూడా రవాణాలోనే వచ్చిందనే సాకు దొరుకుతుంది. నట్లు, స్లీవ్, సంచి మీ దగ్గరే ఉంచుకోండి. బిల్లు నకలును, అర్జీ నకలును కవరులో పెట్టి లోపల ఉంచండి, అసలు బిల్లు ఎవరికీ ఇవ్వకండి. స్పీడ్ పోస్టు అయినా కొరియరు అయినా బరువు రాసిన రసీదు భద్రపరచండి. తనిఖీకి కొన్ని వారాలు పట్టవచ్చు కనుక, పండుగల రోజులైతే ఈలోగా వేరే క్రాష్ అరువు తెచ్చుకోవడం మంచిది.

కాదన్నప్పుడు

తిరస్కరిస్తే కారణాన్ని రాతలో అడగండి. "వాడకం వల్ల" అని ఒక్క మాట రాస్తే, ఏ గుర్తును బట్టి అలా నిర్ణయించారో అడిగి, మీ ఫొటోలతో జవాబివ్వండి. గడువు ముగిసిందంటే పగులు కనబడిన తేదీన పంపిన మొదటి సందేశం చూపించండి. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అన్న బోర్డు వైపు వేలు చూపిస్తే, ఆ బోర్డు లోపమున్న వస్తువుకు వర్తించదని గుర్తుంచుకోండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడాన్ని కూడా 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

ఆన్‌లైన్‌లో కొన్నవారు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఎక్కడ కొన్నవారైనా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వారు తీర్పు చెప్పరు కానీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. మా ఊళ్ళో తెలిసినవారి కేసులో అంతవరకు ఉలకని పలకని దిగుమతిదారు ఆ తరువాత కదిలాడు.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, కంపెనీ ముంబయిలో ఉన్నా మీరు అక్కడికి వెళ్ళనక్కరలేదు. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి 2 సంవత్సరాల లోపు చేయాలి. పాటకచ్చేరీల్లో వాయించి పొట్టపోసుకునే డ్రమ్మరు వ్యాపారం కోసం కొన్నాడు కనుక వినియోగదారుడు కాడని ఎదుటివారు వాదించవచ్చు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్న వస్తువును చట్టం వ్యాపార ప్రయోజనం కింద లెక్కించదు. అయితే లోహంలో లోపం ఉందో లేదో తేల్చడానికి కమిషన్ పరీక్షాశాలకు పంపితే, ఆ రుసుమును ముందుగా మిమ్మల్ని కట్టమనవచ్చు. లేతు గీత వెంట పగిలిన ఖరీదైన రైడ్ (లయ నడిపించడానికి ఎడతెగకుండా వాయించే పెద్ద సింబల్) కోసమైతే నేను ఈ మెట్టు ఎక్కుతాను, రెండు వేల రూపాయల ఇత్తడి సింబల్ కోసం ఎక్కను.

కొత్తది చేతికి వచ్చాక

దుకాణంలోనే విప్పించి, మోడల్, కొలత, సీరియల్ నంబరు సరిచూసి, వేలాడదీసి తట్టి వినండి. చేత్తో తయారైన సింబళ్ళలో ఒకే మోడల్‌లోనూ నాదం కొద్దిగా మారుతుంది కాబట్టి పాతదానిలాగే మోగాలని పట్టుబట్టడం న్యాయం కాదు. మీ మోడల్ తయారీ ఆగిపోయి ఉంటే దానికి సమానమైనది ఇస్తామంటారు, అది ఏ శ్రేణిదో ధరతో సహా అడగండి. కొత్త సింబల్‌కు వారంటీ మళ్ళీ మొదలవుతుందా, పాత గడువులో మిగిలినదే వర్తిస్తుందా అన్నది బిల్లు వెనుక రాయించి ముద్ర వేయించుకోండి.

స్టాండుకు ఎక్కించేటప్పుడు కొత్త స్లీవ్, కొత్త ఫెల్ట్ బిళ్ళలు వేయండి. వింగ్ నట్ బిగించాక సింబల్ రెండు వైపులా స్వేచ్ఛగా ఊగాలి. దానిని కొద్దిగా మీవైపు వంచి, కర్రను అంచు మీద నిలువుగా దించకుండా పక్కకు జారేలా కొట్టడం అలవాటు చేసుకోండి. మొదటి రోజే రంధ్రాన్ని, అంచును, సీరియల్ నంబరును ఫొటో తీసి, బిల్లు ఫొటోతో పాటు మీ ఈమెయిల్‌కే పంపుకుని ఉంచండి.